వదిన మిగిల్చిన ఇంజెక్షన్ పెన్ను నేను వేసుకోవచ్చా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర ఊరండి. నాకు 38 ఏళ్ళు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 84 కేజీలు. నాలుగేళ్ళుగా షుగరుంది, మెట్‌ఫార్మిన్ గ్లిమిపిరైడ్ కలిపిన మాత్ర రెండు పూటలా వేసుకుంటున్నాను. పిల్లల ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. వైజాగ్‌లో ఉన్న మా వదిన బరువు తగ్గే ఇంజెక్షన్ వాడి బాగా తగ్గింది. ఆవిడకి డాక్టరు డోసు పెంచేసరికి పాత పెన్నులో రెండు డోసులు మిగిలాయంట, దాని మీద 1 మి.గ్రా. అని ఉందంట, ఆర్టీసీ కార్గోలో పంపుతానంటోంది. రెండు నెలల్లో మా ఆడపడుచు కూతురి పెళ్ళి. మా నాన్న కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద ఉండి పోయారు, అందుకే ఊళ్ళో అందరూ ఈ ఇంజెక్షన్లు కిడ్నీలు తినేస్తాయే అని భయపెడుతున్నారు. వేసుకోవచ్చా? ఇంట్లో చెప్పకుండా వేసుకుంటే పర్లేదా?

సమాధానం: అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను, ఆ పెన్ను వద్దు. కార్గోలో ఎక్కించకముందే వదినకి ఫోన్ చేసి ఆపించెయ్యండి. అలాగని ఆ మందే మీకు పనికిరాదని నేను అనట్లేదు, మీ ఎత్తుకి 84 కేజీలంటే బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు లెక్క, 34 దగ్గరకొస్తుంది, పైగా షుగరుంది, కాబట్టి మంచి డాక్టరు చూస్తే ఇదే మందు మీకే రాసినా రాయొచ్చు. నేను డాక్టర్ని కాదు, శ్రీకాకుళంలో మందుల షాపు కౌంటర్ వెనక ఏళ్ళ తరబడి నిలబడ్డ ఫార్మసిస్టుని. రాయాలా వద్దా అన్నది డాక్టరు పని, రాశాక దాన్ని ఎలా వాడాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నది మాత్రం నేను చెప్పగలను.

పెన్ను ఎందుకొద్దంటే, మొదటిది, ఒకరు వాడిన పెన్ను ఇంకొకరు వాడకూడదు, సూది కొత్తది మార్చినా సరే. పొడిచినప్పుడు కంటికి కనపడనంత రక్తం వెనక్కి పెన్నులో మందుండే కార్ట్రిడ్జ్‌లోకి వెళ్ళే అవకాశం ఉంది, అలా హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ లాంటివి ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోవచ్చు. వదినకి ఏ రోగమూ లేదని మీరనుకోవచ్చు, కానీ హెపటైటిస్ ఉన్నవాళ్ళలో చాలామందికి అది ఉన్నట్టే తెలీదు. రెండోది డోసు. మీరు చెప్పిన 1 మి.గ్రా. బట్టి అది సెమాగ్లుటైడ్ అయ్యుంటుంది, ఆ మందు ఎవరికైనా 0.25 తోనే మొదలుపెడతారు, అంటే మీరు మొదటిరోజే నాలుగింతలు వేసుకున్నట్టు. వదిన ఒంటికి అది నెలల తరబడి అలవాటయ్యాక వేసిన డోసు, మీకు అదే డోసు మొదటి వారమే పడితే రెండు రోజులు బకెట్ పక్కనే పడుకోవాల్సి రావొచ్చు. ఇక మూడోది, వైజాగ్ నుంచి సోంపేట దాకా సుమారు 200 కిలోమీటర్లు బస్సు డిక్కీలో, పక్కన ఎవరిదో చేపల బుట్ట, పైన ఎండ, కాంప్లెక్స్‌లో దించాక మీరు వెళ్ళి తీసుకునేదాకా ఆ పార్సిల్ ఏ మూల పడుంటుందో. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందది, వేడికి పాడైతే రంగు మారాలనేం లేదు, చూడ్డానికి బాగానే ఉంటుంది, పనిచెయ్యదంతే.

అసలు ఈ మందు చేసే పనేంటంటే, మనం తిన్నప్పుడు పేగులో పుట్టే జీఎల్‌పీ-1 అనే హార్మోనులాగే ఇదీ పనిచేసి, పొట్ట మెల్లగా ఖాళీ అయ్యేలా చేస్తుంది, ఇక చాలు అన్న కబురు మెదడుకి పంపిస్తుంది, షుగరు పెరిగినప్పుడు ఇన్సులిన్ ఎక్కువ వచ్చేలా చూస్తుంది. మన దేశంలోకి 2025 మార్చిలో మౌంజారో వచ్చింది, అందులో ఉండేది టిర్జెపటైడ్, అది జీఎల్‌పీ-1 తోపాటు ఇంకో హార్మోను దారిలో కూడా పనిచేస్తుంది. జూన్‌లో వెగోవీ వచ్చింది, ఆ తర్వాత ఓజెంపిక్, ఈ రెండూ సెమాగ్లుటైడే. 2026 మార్చితో సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు కూడా తీరింది కాబట్టి ఇకమీదట ఒకే మందు రకరకాల కంపెనీ పేర్లతో కనిపిస్తుంది. అందుకే పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు కాదు, కింద చిన్నగా రాసే మందు పేరు, ఎన్ని మి.గ్రా. అన్నది చూసుకోవాలి. సెమాగ్లుటైడ్ 1 కీ టిర్జెపటైడ్ 5 కీ పోలికే లేదు, అంకె పెద్దదని డోసు పెద్దదని కాదు.

ఇప్పుడు మీ అసలు భయం దగ్గరికొద్దాం, కిడ్నీ. మీ ఊళ్ళోవాళ్ళు భయపడ్డంలో తప్పులేదు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ ఉద్దానం మండలాల్లో కిడ్నీ జబ్బు తగలని చుట్టరికం ఉండదు, కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. కానీ ఈ ఇంజెక్షన్ నేరుగా కిడ్నీని తినేస్తుందన్నది మాత్రం నిజం కాదు. నిజానికి 2024లో వచ్చిన ఫ్లో అనే పెద్ద ట్రయల్లో షుగరుతోపాటు కిడ్నీ జబ్బున్న మూడున్నర వేలమందిని తీసుకుని సగంమందికి వారానికి 1 మి.గ్రా. సెమాగ్లుటైడ్ ఇస్తే, ఇవ్వనివాళ్ళకంటే వాళ్ళలో కిడ్నీ బాగా దెబ్బతినడం, కిడ్నీ గుండె జబ్బుల వల్ల పోవడం 24 శాతం తక్కువ కనిపించింది. అయితే అది షుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బు లెక్క, మన ఉద్దానం జబ్బు షుగరు లేనివాళ్ళకి కూడా వస్తోంది కదా, దాని దారి వేరు, కాబట్టి ఆ ట్రయల్ చూపించి మన దగ్గర అందరికీ మంచిదేనని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మరి ప్రమాదం ఎక్కడుందీ అంటే, ఒళ్ళు ఎండిపోవడంలో ఉంది. మొదటి వారాల్లో, డోసు పెంచినప్పుడల్లా కొందరికి వాంతులు, విరేచనాలు అవుతాయి, ఆకలితోపాటు దాహం కూడా తగ్గినట్టుంటుంది, మంచినీళ్ళు తాగాలన్న ధ్యాసే ఉండదు. దానికి తోడు మన ఎండలు, జీడితోటల్లో పని, ఆ ఉక్కపోతలో కారే చెమట. ఒంట్లో నీళ్ళు తగ్గితే కిడ్నీకి రక్తం చాలదు, బాగున్న కిడ్నీ కూడా అప్పటికప్పుడు దెబ్బతినగలదు, ఇక లోపల ముందే సగం అరిగిపోయిన కిడ్నీ అయితే చెప్పక్కర్లేదు. అందుకని మీ విషయంలో మందు మొదలుపెట్టే ముందే కిడ్నీ సంగతి తేలాలి, ఇది మాత్రం నేను ఎంత చెప్పినా తక్కువే.

టెస్టు చేయించుకుంటే సీరం క్రియాటినిన్ ఒక్కటే చూసి నార్మల్ అని వచ్చెయ్యకండి. ఉదాహరణకి రిపోర్టులో 1.2 అని వచ్చిందనుకోండి, చాలా ల్యాబుల్లో దాని పక్కన పెద్దగా ఎర్ర గీత పడదు, ఇంట్లోవాళ్ళు ఒకటే కదా అనుకుంటారు, కానీ 38 ఏళ్ళ ఆడమనిషికి ఆ 1.2 ని ఈజీఎఫ్ఆర్‌లోకి, అంటే కిడ్నీ ఎంత వడకడుతోందో చెప్పే లెక్కలోకి మారిస్తే 60 దగ్గరకొస్తుంది, మీ వయసుకి అది 90 పైన ఉండాల్సింది. కాబట్టి ఈజీఎఫ్ఆర్ లెక్క రాయించుకోండి, దాంతోపాటు యూరిన్‌లో అల్బుమిన్ పోతోందేమో చూసే ఏసీఆర్ టెస్టు, మూడు నెలల షుగరు, లివర్ టెస్టు, కంటి లోపల రెటీనా పరీక్ష. కన్నెందుకంటే, ఎక్కువున్న షుగరు ఒక్కసారిగా దిగితే ముందే రెటీనా దెబ్బతిన్నవాళ్ళకి అది ముదరొచ్చు. పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటరూ ఆసుపత్రీ 2023 డిసెంబరులో తెరిచారు కదా, మీకు అది దగ్గరే, నాన్నగారి సంగతి కూడా చెప్పి అక్కడ ఒకసారి చూపించుకోండి. ఆ రిపోర్టులు పట్టుకుని జనరల్ మెడిసిన్ ఎండీ దగ్గరికో ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరికో వెళ్ళండి. మీ కుటుంబంలో ఎవరికైనా మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ గానీ, మెన్-2 అనే వంశపారంపర్య జబ్బు గానీ వచ్చిందా, మీకు ఎప్పుడైనా పాంక్రియాస్ వాచిందా, పిత్తాశయంలో రాళ్ళున్నాయా, ఇవి ఆయన అడక్కపోయినా మీరే చెప్పండి. ఆ థైరాయిడ్ క్యాన్సర్, మెన్-2 ఉన్న ఇళ్ళవాళ్ళకి ఈ మందు ఇవ్వరు. మామూలుగా థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు దీనికి భయపడక్కర్లేదు, అది వేరు.

మీరు ఉత్తరంలో మామూలుగా రాసేసిన ఇంకో మాట నాకు గుచ్చుకుంది, గ్లిమిపిరైడ్. అది పాంక్రియాస్‌ని పిండి ఇన్సులిన్ తీసే మాత్ర, మీరు తిన్నా తినకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. ఇప్పటిదాకా మీరు రెండు పూటలా అన్నం తింటున్నారు కాబట్టి సరిపోయింది, రేపు ఇంజెక్షన్ వేశాక నాలుగు ముద్దలకే చాలనిపిస్తే, లోపలికి వెళ్ళింది తక్కువ, మాత్ర డోసు మాత్రం పాతదే, అప్పుడు షుగరు 70 కంటే కిందకి పడిపోవచ్చు. చల్లటి చెమటలు, చేతులు వణకడం, గుండె దడ, కళ్ళు తిరగడం, మాట తడబడ్డం. అలా అనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళల్లో కలిపి తాగి, పావుగంటాగి మళ్ళీ గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి, ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ తాగాలి. అందుకే ఈ ఇంజెక్షన్ మొదలెట్టేటప్పుడు డాక్టర్లు గ్లిమిపిరైడ్ తగ్గించడమో తీసెయ్యడమో చేస్తారు. మీది రెండు మందులు కలిపిన మాత్ర కాబట్టి మీ అంతట మీరు సగం విరిచి వేసుకుందామనుకోకండి, స్ట్రిప్పే పట్టుకెళ్ళి చూపించండి. శనివారాలు, కార్తీక సోమవారాలు ఒంటిపొద్దులుంటే అది కూడా చెప్పండి, ఆ రోజుల్లో మాత్ర ఎలాగో విడిగా రాయించుకోండి.

పెళ్ళి సంగతి. రెండు నెలలకి ఆశలు పెట్టుకోకండి. సెమాగ్లుటైడ్ 0.25 నాలుగు వారాలు, ఆ తర్వాత 0.5 నాలుగు వారాలు, అలా 1, 1.7, 2.4 దాకా మెట్టు మెట్టుకీ నెల, టిర్జెపటైడ్ అయితే 2.5 నాలుగు వారాలు, తర్వాత 5, అక్కణ్ణుంచి అవసరాన్ని బట్టి. మొదటి నెల డోసు ఒంటికి అలవాటు చెయ్యడానికే, దానితో బరువు పెద్దగా తగ్గదు. ఆ పెళ్ళినాటికి మీరు రెండో మెట్టు మీద ఉంటారు. సెమాగ్లుటైడ్ పెద్ద ట్రయల్లో సగటున 15 శాతం దాకా తగ్గారు, కానీ అది 68 వారాలకి, అంటే ఏడాదింపావు, పైగా ఆ ట్రయల్లో షుగరున్నవాళ్ళు లేరు, షుగరున్నవాళ్ళకి సాధారణంగా కాస్త తక్కువే తగ్గుతుంది. బ్లౌజులు ఇప్పటి కొలతకే కుట్టించుకోండి, తర్వాత కుట్లు లోపలికి వేయించుకోవడం ఎంతసేపు. పెళ్ళికి ముందు వారంలో మాత్రం కొత్త డోసుకి మారొద్దు, బూరెలు గారెలు పెట్టే పందిట్లో వాంతుల మీద వాంతులంటే అందరికీ ఇబ్బందే.

ఇంకో విషయం ముందే తెలుసుకుని దిగండి, ఇది కోర్సు అయిపోయాక ఆపేసే మందు కాదు. ఆపేసినవాళ్ళని ఏడాదిపాటు చూస్తే తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చేసింది. నెలనెలా ఎంతవుతుంది, ఎన్నాళ్ళు కొనగలం అన్నది మొదటి పెన్ను కొనకముందే లెక్కేసుకోవాలి, ధర కంపెనీకి కంపెనీకి చాలా తేడా ఉంది, షాపులో అడిగితే చెప్తారు.

వేసుకునేది సులువే. పొట్ట మీద బొడ్డుకి రెండంగుళాల దూరంలో, లేదా తొడ మీద, వారం వారం చోటు మార్చుకుంటూ, వారంలో ఒకటే రోజు. చాలా పెన్నుల్లో బటన్ నొక్కాక కిటికీలో సున్నా కనపడ్డా వెంటనే సూది లాగెయ్యకూడదు, నెమ్మదిగా ఆరు లెక్కపెట్టి తియ్యాలి, లేకపోతే చర్మం మీద చుక్క జారిపోతుంది, అది మీ డబ్బే. సూది ప్రతిసారీ కొత్తది, వాడింది తీసి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వెయ్యాలి, పెన్నుకి సూది ఉంచేసి ఫ్రిజ్‌లో పెట్టకండి. మర్చిపోతే ఎన్ని రోజుల్లోపు వేసుకోవచ్చన్నది బ్రాండు బ్రాండుకీ మారుతుంది, పెట్టెలో కాగితం చూడండి, ఒకే రోజు రెండు డోసులు మాత్రం ఎప్పుడూ వద్దు. ఫ్రిజ్‌లో వెనక గోడకి ఆనించి పెడితే గడ్డకట్టొచ్చు, గడ్డకట్టిన మందు కరిగినా పారెయ్యాల్సిందే. మనకి కరెంటు కోతలు, తుఫాన్లు మామూలే, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మీ వైపు కరెంటు రావడానికి రోజుల తరబడి పట్టింది మీకు నేను చెప్పాలా. బయట ఉష్ణోగ్రతలో ఎన్నాళ్ళుంటుందో కూడా ఆ కాగితంలోనే ఉంటుంది, కానీ 30 డిగ్రీల లోపు అని రాస్తారు, వేసవిలో మన ఇళ్ళల్లో 30 ఎక్కడ. కొనేటప్పుడే మూడు నెలలకి సరిపడా కొనెయ్యకండి, నెలకి సరిపడా చాలు, ఐస్ ప్యాక్‌తో ఇవ్వమనండి, బిల్లు మీద బ్యాచ్ నంబరు వేయించుకోండి.

ఆ బిల్లే ఎందుకంటే ఈ మందుకి దొంగ సరుకు కూడా ఉంది, 2024 జూన్‌లో డబ్ల్యూహెచ్ఓ నకిలీ ఓజెంపిక్ గురించి ప్రపంచమంతా హెచ్చరిక ఇచ్చింది. వాట్సాప్‌లో సగం ధరకి, చీటీ అక్కర్లేదు అంటూ వచ్చేవాటి జోలికి వెళ్ళొద్దు. బరువు తగ్గించే ఆయుర్వేదం పొడి అని అమ్మేవాటిలో కూడా సిబుట్రమైన్ కలిపి దొరికిన కేసులు చాలా దేశాల్లో ఉన్నాయి, గుండెకి దెబ్బని 2010లోనే మార్కెట్లోంచి తీయించేసిన మందది.

తిండి విషయంలో నేను పెద్దగా చెప్పను, ఒంట్లో పట్టించుకోవాల్సింది ఒక్కటే, కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. అందుకని తినే ఆ నాలుగు ముద్దల్లో ముందు గుడ్డు, చేప, పెసరట్టు, ఉలవలు, పెరుగు లాంటివి తిని అన్నం ఆఖర్న తినండి. కానీ కిడ్నీ రిపోర్టు తేడాగా వస్తే ప్రొటీన్ ఎంత తినాలో డాక్టరు చెప్పిందే లెక్క, ఎవరో చెప్పారని డబ్బా పొడులు తాగొద్దు. ఎండు మెత్తళ్ళు ఇష్టమే కానీ ఉప్పు, వారానికొకసారికి తగ్గించండి. పొద్దున్న పల్చటి చోడి (రాగి) అంబలి మజ్జిగ పోసుకుని కొద్దిగా తాగితే వికారం ఉన్నవాళ్ళకి కూడా దిగుతుంది. నూనెలో వేయించినవి, కడుపు నిండాక ఇంకో ముద్ద, ఈ రెండే ఎక్కువమందికి వాంతులు తెప్పిస్తాయి.

వాంతులో విరేచనాలో పట్టుకున్నరోజు ఏం చెయ్యాలో ముందే డాక్టర్ని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ రోజుకి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, కొన్ని రకాల బీపీ మాత్రలుంటే అవి, ఏవి ఆపాలి, మళ్ళీ ఎప్పుడు మొదలెట్టాలి అని. ఓఆర్ఎస్ ప్యాకెట్టు దాని మీద రాసినన్ని నీళ్ళల్లో కలిపి కొంచెం కొంచెంగా తాగాలి, షాపులో అట్టపెట్టెల్లో దొరికే తియ్యటి జ్యూసులు ఓఆర్ఎస్ కాదు, ఆ పేరు వాటి మీద వెయ్యకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా చెప్పేసింది. మీ పెరట్లో కొబ్బరి చెట్లుంటాయి, బొండం కొట్టుకుని తాగెయ్యాలనిపిస్తుంది, కిడ్నీ బాగున్నవాళ్ళకి ఫర్వాలేదు, కిడ్నీ తగ్గినవాళ్ళకి అందులోని పొటాషియం గుండెకి ప్రమాదం, రిపోర్టు వచ్చేదాకా ఆగండి. ఒళ్ళునొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి అస్సలు వద్దు, అవసరమైతే పారాసెట్మాల్.

పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడుచుకొచ్చే నొప్పి తగ్గకపోతే, కుడివైపు నొప్పితోపాటు కళ్ళు పచ్చబడితే, పూట గడిచినా ఒంటేలు రాకపోతే, నీళ్ళు కూడా కడుపులో నిలవకపోతే, చూపు ఒక్కసారిగా మసకబారితే తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా ఆసుపత్రికి వెళ్ళిపోండి, తరవాతి డోసు వెయ్యొద్దు. ఏదైనా ఆపరేషనుకి మత్తు ఇవ్వాల్సొస్తే ఈ ఇంజెక్షన్ వాడుతున్నట్టు ముందే చెప్పాలి, పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి ఏమీ తినకుండా వెళ్ళినా లోపల ఆహారం మిగిలుండొచ్చు. ఇది చదివే మిగతా ఆడపిల్లలకి ఒక మాట, పిల్లల కోసం చూస్తున్నవాళ్ళు ఇది మొదలెట్టకూడదు, సెమాగ్లుటైడ్ వాడేవాళ్ళు గర్భానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి, టిర్జెపటైడ్ అయితే గర్భం రాకుండా వేసుకునే మాత్రలు సరిగ్గా పనిచెయ్యకుండా చెయ్యొచ్చు.

ఇంట్లో చెప్పకుండా అన్నారు. అర్థమైంది, తగ్గితే అప్పుడు చూపిద్దాంలే, తగ్గకపోతే మాటలు పడక్కర్లేదు అని కాబోలు. కానీ షుగరు పడిపోయినప్పుడు మీకు మీరే పంచదార కలుపుకునే తెలివి ఉండకపోవచ్చు, పక్కనున్నవాళ్ళకి ఎందుకిలా అయిందో తెలీకపోతే గాలి సోకిందనో బీపీ అనో టైం పాడుచేస్తారు. అందరికీ చెప్పక్కర్లేదు, మీవారికో, పెద్ద పిల్లకో, ఒక్కరికి చెప్పండి. ఏ మందు, ఏ రోజు వేసుకుంటున్నారు, గ్లూకోమీటరు ఎక్కడుంది, స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి 108 కి ఫోన్ చెయ్యాలి, ఇంతే. వదినకి కూడా చెప్పండి, మిగిలిన ఆ పెన్ను ఇంకెవరికీ ఇవ్వొద్దని, తన డాక్టర్ని అడిగి పారేసెయ్యమని.